‘యాజ్ ఈజ్’ అని సంతకం పెట్టాక కారు చెడిపోతే

అమెరికా వచ్చిన మొదటి ఏడాదిలో మనవాళ్లు కొనే పెద్ద వస్తువు చాలావరకు పాత కారే. క్రెడిట్ హిస్టరీ ఉండదు, తక్కువ వడ్డీకి లోను దొరకదు, బండి లేనిదే ఆఫీసుకి వెళ్లలేరు. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: “కొన్న వారానికే ట్రాన్స్‌మిషన్ పోయిందండీ. డీలర్ని అడిగితే ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) కాగితం మీద సంతకం పెట్టావు, మాకు సంబంధం లేదంటున్నాడు. ఇంక చేసేదేమీ లేదా?”

చాలాసార్లు ఉంటుంది. ఏ రాష్ట్రంలో కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, ఆ రోజు ఇంకా ఏయే కాగితాల మీద సంతకాలు పెట్టారు అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. డీలర్ ఒక్క మాట అనగానే ఫోన్ పెట్టేసి, మెకానిక్‌కి వేలకి వేలు కట్టి ఊరుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. కారు కొన్న మూడు రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చని చాలామంది నమ్ముతారు. మూడు రోజుల ఫెడరల్ నియమం ఉన్నమాట నిజమే కానీ, అది ఇంటికొచ్చి అమ్మేవాళ్ల లాంటి అమ్మకాలకి. డీలర్ లాట్‌లో నిలబడి కొన్న కారుకి అది వర్తించదు.

ఇక అసలు విషయం. ఒక వ్యాపారి తాను రోజూ అమ్మే సరుకు అమ్మినప్పుడు, ఆ వస్తువు మామూలుగా చేయాల్సిన పని చేస్తుందన్న హామీ దానితోపాటే వస్తుంది. ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, కాగితం మీద రాయక్కర్లేదు. దీన్ని ఇంప్లైడ్ వారంటీ అంటారు. లూసియానాకి తన సొంత పద్ధతి ఉంది, మిగతా 49 రాష్ట్రాల్లో ఇది యూనిఫామ్ కమర్షియల్ కోడ్ అనే వ్యాపార చట్టం ద్వారా అమల్లో ఉంది. అయితే అదే కోడ్ ఈ హామీని వదిలించుకునే దారి కూడా వ్యాపారికి ఇచ్చింది: ‘యాజ్ ఈజ్’ అని స్పష్టంగా చెప్పి అమ్మడం, లేదా ఆ హామీ ఇవ్వడం లేదని కొట్టొచ్చినట్టు కనిపించేలా రాయడం. ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఇరికించి రాస్తే అది సాధారణంగా చెల్లదు.

పాత కార్ల డీలర్లయితే అద్దానికి ‘బయ్యర్స్ గైడ్’ అనే కాగితం అంటించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం. వారంటీ ఉందా, ‘యాజ్ ఈజ్’ అమ్ముతున్నారా అన్నది దాని మీద టిక్కు పెట్టి ఉంటుంది. అది మీ ఒప్పందంలో భాగం. ఒప్పందంలో దానికి విరుద్ధంగా ఏదైనా ఉంటే గైడ్‌లో ఉన్న మాటే నిలుస్తుంది. కాబట్టి “ఏం పర్లేదు, ఏమన్నా అయితే మేం చూసుకుంటాం” అని సేల్స్‌మన్ అంటే, ఆ మాట గైడ్ మీదే రాసిమ్మనండి. రాయనంటే అది హామీ కాదనే అనుకోండి. కారు తెచ్చుకునేటప్పుడు ఆ గైడ్ కాపీ కూడా తప్పకుండా తెచ్చుకోండి.

కొన్ని రాష్ట్రాల్లో ‘యాజ్ ఈజ్’ అన్న మాట డీలర్‌ని కాపాడదు. మసాచుసెట్స్‌లో డీలర్ ఇంప్లైడ్ వారంటీని వదిలించుకోలేడు. పైగా 1,25,000 మైళ్లలోపు తిరిగిన పాత కార్లకి మైళ్లనిబట్టి 30 నుంచి 90 రోజుల వారంటీని చట్టమే ఇస్తుంది. న్యూయార్క్‌లో కూడా పాత కార్లకి లెమన్ లా, అంటే లోపాలున్న బండి కొన్నవాళ్లని కాపాడే చట్టం, ఉంది. టెక్సాస్‌లో మాత్రం ‘యాజ్ ఈజ్’ అమ్మకం చెల్లుతుంది, డాలస్ మిత్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ‘యాజ్ ఈజ్’ అంటూనే డీలర్ మీకు తన సొంత సర్వీస్ కాంట్రాక్ట్ (విడిగా డబ్బు తీసుకుని రిపేర్లు చేసిస్తానన్న ఒప్పందం) కూడా అమ్మి ఉండొచ్చు. అమ్మిన 90 రోజుల్లోపు డీలర్ ఆ కారుకి తాను బాధ్యత వహించే సర్వీస్ కాంట్రాక్ట్ చేసుకుంటే, ఇంప్లైడ్ వారంటీ లేదనే హక్కు అతనికి పోతుంది. ఇది 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టంలో ఉంది. వేరే కంపెనీ కాంట్రాక్ట్‌ని డీలర్ మధ్యవర్తిగా అమ్మితే లెక్క మారొచ్చు, కాబట్టి కాంట్రాక్ట్ ఎవరి పేరున ఉందో తీసి చూడండి. ఇంకో సంగతి, ‘యాజ్ ఈజ్’ అబద్ధానికి లైసెన్స్ కాదు. వరదలో మునిగిన బండిని మునగలేదని చెప్పినా, ఓడోమీటర్ వెనక్కి తిప్పినా అది మోసమే.

ఫ్రిజ్, లాప్‌టాప్ లాంటి వాటికి కూడా ఆ మాగ్నసన్-మాస్ చట్టమే అక్కరకొస్తుంది. రాతపూర్వక వారంటీ ఇచ్చిన కంపెనీ ఇంప్లైడ్ వారంటీని పూర్తిగా కొట్టేయలేదు. ‘లిమిటెడ్’ వారంటీ అయితే దాని గడువుని మాత్రం కుదించగలదు. “స్టిక్కర్ చించావు, బయట రిపేర్ చేయించావు, వారంటీ పోయింది” అంటే వెంటనే ఒప్పుకోవద్దు. మా సర్వీస్, మా పార్టులే వాడాలని షరతు పెట్టడం మామూలుగా కుదరదు. 2018లో ట్రేడ్ కమిషన్ ఇలాంటి షరతుల మీద కొన్ని కంపెనీలకి హెచ్చరిక లేఖలు పంపింది కూడా.

వస్తువు చెడిందని తెలియగానే రాతలో చెప్పండి, ఈమెయిల్ అయినా సరే. ఫోన్లో గంట మాట్లాడినా రేపు సాక్ష్యం ఉండదు. ఆలస్యం చేస్తే హక్కే పోవచ్చు, ఎందుకంటే లోపం సంగతి సహేతుకమైన సమయంలో అమ్మినవాడికి తెలియజేయాలని కోడ్ అంటుంది. మెకానిక్ ఏం చూశాడో కాగితం మీద రాయించుకోండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, ఆ బిల్లు పూర్తిగా తీర్చేయకముందే బ్యాంకుకి చెప్పండి. బిల్లింగ్ తప్పుల మీద లేఖ రాయడానికి చట్టం ఇచ్చే గడువు స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజులు. డీలర్ ద్వారా లోను తీసుకున్నవాళ్లు, డీలర్ మీద ఉన్న ఫిర్యాదుని సాధారణంగా ఆ ఫైనాన్స్ కంపెనీ ముందు కూడా పెట్టొచ్చు. కానీ కోపంలో నెలనెలా కట్టే వాయిదాలు ఆపేయకండి, కొత్తగా కట్టుకుంటున్న క్రెడిట్ స్కోరు కూలిపోతుంది.

అప్పటికీ కదలకపోతే రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు. ఆ తర్వాత చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. కాలిఫోర్నియాలో ఒక వ్యక్తి 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, అక్కడ ఎవరికీ లాయర్ ఉండడు, మీ మాట మీరే చెప్పుకోవాలి. టెక్సాస్‌లో ఇలాంటి కేసులు వినే జస్టిస్ కోర్టుల్లో పరిమితి 20,000 డాలర్లు. కోర్టుకెళ్తే వీసాకి ఇబ్బందేమోనని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఇది సివిల్ కేసు, న్యాయం అడుగుతున్నది మీరు. అందులో మీ హెచ్-1బీకి గానీ ఎఫ్-1కి గానీ వచ్చే ప్రమాదం లేదు.

ఇదంతా వ్యాపారుల దగ్గర కొన్నవాటికి. వాట్సాప్ గ్రూపులో ఇండియా తిరిగి వెళ్లిపోతున్న అన్నయ్య దగ్గర కొన్న కారుకి ఇంప్లైడ్ వారంటీ ఉండదు, ఆయన వ్యాపారి కాడు. లెమన్ లా కూడా చాలా చోట్ల అక్కడ వర్తించదు. తెలిసినవాళ్లే కదా అని మొహమాటపడకుండా, డబ్బులివ్వకముందే బండిని మీకు నచ్చిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి చూపించండి.