ఐర్లండ్‌లో పన్ను బాకీ ఉన్నవాడు అరేంజ్‌మెంట్‌కి వెళ్లేముందు

చిరంజీవి అబ్బాయికి, బాబాయి ఆశీస్సులు.

ఇంటి లోను, కార్డులు, ఆదాయపు పన్ను, వ్యాట్ అన్నీ కలిపి పర్సనల్ ఇన్సాల్వెన్సీ అరేంజ్‌మెంట్‌లో, అంటే తీర్చలేని అప్పుల మీద రుణదాతలతో చట్టప్రకారం కుదుర్చుకునే ఒప్పందంలో, పెట్టేస్తానన్నావు. లోను, కార్డులు పెట్టొచ్చు. పన్ను మాత్రం రెవెన్యూ, అంటే అక్కడి పన్నుల శాఖ, ఒప్పుకుంటేనే లోపలికి వస్తుంది. 2012 నాటి చట్టమే అలా రాసింది. కోర్టు జరిమానాలు, మనోవర్తి ఎవరు ఒప్పుకున్నా రావు. పన్నులు, ఇంటి ఆస్తి పన్ను, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బాకీ మాత్రం రావలసినవాళ్లు సరేనంటే వస్తాయి.

నీ తరఫు ప్రాక్టీషనర్, అంటే ఈ ఒప్పందం కుదిర్చే లైసెన్సు ఉన్న నిపుణుడు, రెవెన్యూకి నోటీసు పంపుతాడు. జవాబుకు 21 రోజుల గడువు. ఆలోగా ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ మౌనం మీద ఆశ పెట్టుకుని కూర్చోకు.

ముందు రిటర్నులు. కట్టడానికి డబ్బు లేదని ఫైల్ చేయడం మానేస్తారు చాలామంది. పని చెడేది అక్కడే. రిటర్ను లేకపోతే రెవెన్యూ తనే ఒక అంచనా వేసి బాకీగా రాసుకుంటుంది, అది అసలు పన్నుకంటే ఎక్కువ ఉండొచ్చు. పైగా బాకీ ఎంతో తేలకుండా వాళ్లు దేనికి ఒప్పుకోవాలి? చేతిలో యూరో లేకపోయినా పాత ఏళ్ల ఫారం 11లు (సొంత పనివాళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు), వ్యాట్ రిటర్నులు అన్నీ వేసెయ్.

ఒప్పుకున్నాక రెవెన్యూ కూడా మిగతా రుణదాతలతో పాటు ఓటేస్తుంది. ఓటేసిన అప్పుల విలువలో 65 శాతం అనుకూలంగా రావాలి. తాకట్టు ఉన్న అప్పుల్లో సగానికి పైగా, లేనివాటిలో సగానికి పైగా విడిగా కూడా రావాలి. పన్ను బాకీలో కొంత భాగానికి ప్రాధాన్యం ఉంటుంది. వాళ్లు వదులుకుంటే తప్ప కార్డు కంపెనీల కంటే ముందు దానికే కట్టాలి. కాబట్టి పన్ను లోపలికి వచ్చినంత మాత్రాన మొత్తం మాఫీ అయినట్టు కాదు.

ఒప్పుకోకపోతే? విడిగా వాయిదాల ఒప్పందం అడుగు. ఆ నెలవారీ వాయిదాని నీ ఆర్థిక వివరాల పత్రంలో ఖర్చు కింద చూపించమని ప్రాక్టీషనర్‌కి చెప్పు. లేదంటే అదే డబ్బు రెండు చోట్ల లెక్కలోకి వెళ్లి నెలాఖరుకి చేతులెత్తేస్తావు. ఆదాయపు పన్ను మీద వడ్డీ రోజుకి 0.0219 శాతం, వ్యాట్ మీద 0.0274. అంటే ఏడాదికి సుమారు 8, 10 శాతం. ఊరికే నానబెట్టకు.

సొంత పని చేసుకునేవాడివి కాబట్టి ఇది బాగా పట్టించుకో. అరేంజ్‌మెంట్ మహా అయితే 6 ఏళ్లు, పొడిగిస్తే 7. ఈలోపు కొత్తగా పడే పన్ను అందులోకి రాదు. ఏటా అక్టోబరు 31కి ప్రిలిమినరీ టాక్స్, అంటే ఆ ఏటి పన్నుకి అంచనాగా ముందే కట్టేది, కట్టాలి. బడ్జెట్ వేసేటప్పుడు చేతికొచ్చే మొత్తాన్నే ఆదాయమని చూపించావో, అరేంజ్‌మెంట్‌కి కట్టే నెలవారీ వాయిదా పెద్దదైపోతుంది, పన్నుకి ఏమీ మిగలదు. పన్ను వాటా ముందే తీసి వేరే ఖాతాలో వెయ్. వాయిదాలు ఆరు నెలలు బాకీపడితే అరేంజ్‌మెంట్ కూలినట్టే. నువ్వు కట్టింది పోను పాత అప్పులు మళ్లీ నీ మీదికే వస్తాయి. ఈ అరేంజ్‌మెంట్ జీవితంలో ఒక్కసారే.

ఇంకొకటి, ఆ వ్యాట్ నీ పేరు మీదా, లిమిటెడ్ కంపెనీ పేరు మీదా చూడు. కంపెనీదైతే దీనిలోకి రాదు.

రెవెన్యూ నోటీసులు, ఆన్‌లైన్ ఖాతాలోని స్టేట్‌మెంట్, గత రిటర్నులు ఒక ఫైల్లో పెట్టుకుని ముందు మాబ్స్ (అప్పుల్లో ఉన్నవాళ్లకి సలహా ఇచ్చే అక్కడి ప్రభుత్వ సాయంతో నడిచే సేవ) ఆఫీసుకి వెళ్లు. వాళ్లు డబ్బు తీసుకోరు.

మీ బాబాయి