టెంటు జిప్పు బెత్తెడు తెరిచి ఉంచు

కవిటి

అమ్మీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "అన్నియ్యా, నీ మేనకోడలు బండేసుకొని నేపాలెల్తాదట. దారి పొడుగునా గుడారమేసుకొని పడుకుంటాదట. నువ్వయినా చెప్పవా?" అని ఒకటే గోల. చెప్తానన్నాను. వద్దని చెప్తానని తను అనుకొని ఉంటుంది. అక్కడి కొండల్లో ముక్తినాథ్ గుడి దాకా వెళ్దామని నలభై ఏళ్ళ నుంచి అనుకుంటూ వెళ్ళలేకపోయినవాణ్ణి, నిన్ను ఏ నోటితో ఆపను?

ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. వీధరుగు మీద కూర్చుంటే తిత్లీ తుపానే కళ్ళ ముందు మెదిలింది. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిందది. తెల్లారి చూస్తే తోటలో చెట్లన్నీ ఒకే వైపు పడుకొని ఉన్నాయి. మూడో రోజుకి మీ అత్త బీపీ బిళ్ళలు అయిపోయాయి. ఇంటరు చదివే గుంటవి, నన్నడక్కుండా నా బండి తీసి, పడిన చెట్ల సందుల్లోంచి తోసుకుంటూ సోంపేట వెళ్ళి బిళ్ళలు పట్టుకొచ్చావు. వస్తూ రెండు కొవ్వొత్తుల పెట్టెలు కూడా తెచ్చావు. ఆ రోజు నిన్ను నానా తిట్లూ తిట్టాను. మోకాలి చిప్ప గీరుకుపోయి నెత్తురు కారుతుంటే ఇంకా తిట్టాను. లోపలికెళ్ళి మీ అత్తతో మాత్రం, ఈ గుంట ఎక్కడికైనా వెళ్ళగలదే అన్నాను. ఆ మాట నీతో అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఇంక పనిలోకి వద్దాం. కాగితాలు ముందు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ మీద ఆధారపడకు. ఆర్సీ అసలుదే పట్టుకెళ్ళు, బండి నీ పేరనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మన బండి బీమా సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. కాస్త ఎక్కువ కడితే నేపాల్‌కి కూడా వర్తించేలా పాలసీ మీద రాసిస్తారు, వెళ్ళే ముందే రాయించు. రక్సౌల్ దాటి బీర్‌గంజ్‌లో దిగగానే కస్టమ్స్ ఉంటుంది. వాళ్ళు భన్సార్ అంటారు. బండికి రోజుకింత అని కట్టించుకొని చీటీ ఇస్తారు. నాలుగు రోజులు ఎక్కువే రాయించుకో, తేదీ దాటితే జరిమానా. ఆ చీటీ తడవకుండా దాచు. మన వంద రూపాయలకి వాళ్ళవి నూట అరవై, బేరమాడేటప్పుడు ఏ రూపాయలో అడుగు. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకో. అన్నపూర్ణ ప్రాంతంలోకి వెళ్ళే పర్మిట్ పొఖరాలో తీసుకో.

దసరాలకి మాత్రం అక్కడ ఉండకు. వాళ్ళు దశైం అంటారు. మనకి సంక్రాంతి ఎలాగో వాళ్ళకది అలా. కొండ ఊళ్ళలో మెకానిక్కులు కూడా షెడ్డు మూసేసి ఇళ్ళకి పోతారు. పండగ వెళ్ళాక బయల్దేరు. వానలు కూడా అప్పటికి ఆగుతాయి. నారాయణగఢ్ నుంచి ముగ్లింగ్ దారిలో వానాకాలం కొండ విరిగి రోడ్డు మీద పడుతూనే ఉంటుంది.

బండి సంగతి నీకు చెప్పక్కర్లేదు, నా దగ్గరే నేర్చుకున్నావు. అయినా ఒక్క మాట. క్లచ్చి కేబులు, యాక్సిలేటరు కేబులు కొత్తవి కొని సంచిలో వేసుకోకు. ఉన్నవాటి పక్కనే వాటిని కూడా పరిచి, జిప్ టైలతో కట్టెయ్యి. దారిలో తెగితే ఆ చివరా ఈ చివరా తగిలించుకొని పోవడమే, చలిలో ట్యాంకు ఊడదీసే పని ఉండదు. నీ బండికి ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. ట్యూబు ఒక్కటే పెట్టుకునేట్టయితే ముందుది పెట్టుకో. గత్యంతరం లేనప్పుడు అదే వెనక చక్రంలోనూ సర్దుకొని పక్క ఊరి దాకా తీసుకుపోతుంది. గొలుసుకి ఐదు వందల కిలోమీటర్లకోసారి నూనె వెయ్యి, దుమ్ము దారిలో ఇంకా ముందే.

బరువులన్నీ కిందకీ నీ దగ్గరకీ రావాలి. పనిముట్లు, నీళ్ళు పక్క సంచుల అడుగున. వెనక చివర టెంటు, పరుపు లాంటి తేలికవి. తాడు చివరలు వేలాడకూడదు. ప్రతిసారీ ఎక్కే ముందు చేత్తో తడిమి చూడు. చక్రంలో చిక్కితే మనిషిని గాల్లోకి ఎత్తేస్తుంది.

బట్టల్లో నువ్వు తప్పు చేస్తావని నా భయం. పొందూరు ఖద్దరు మన ఎండకి దేవుడిచ్చిన బట్ట, కొండ మీద శత్రువు. చెమట పీల్చి ఆరదు, సాయంత్రం అయ్యేసరికి ఒంటికి మంచు గుడ్డ చుట్టినట్టే. ఒంటికి తగిలేది ఉన్ని ఉండాలి. పడుకునే జత వేరే పెట్టుకో, ఎంత అలసిపోయినా ఆ జతతో బండెక్కకు. చలి పైనుంచి వస్తుందనుకుంటారు గానీ రాత్రి ఒంట్లో వేడిని తాగేసేది నేల. దుప్పటి ఒకటి తగ్గినా ఫరవాలేదు, కింద పరిచేది మందంగా ఉండాలి.

కందిపప్పు మొయ్యకు. ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటిన ఎత్తు. అక్కడ నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, పప్పు ఉడకదు, గ్యాసు అయిపోతుంది. మీ అత్త చోడిపిండి దోరగా వేయించి ఇస్తానంటోంది. వేడి నీళ్ళు పోసి బెల్లం కలిపితే చాలు. అటుకులు, మన జీడిపప్పు, ఆవకాయ చిన్న డబ్బా. గ్యాసు డబ్బాలో ఉట్టి బ్యూటేన్ అయితే చలి సున్నాకి దిగేసరికి ఆవిరవదు, పొయ్యి వెలగదు. ప్రొపేన్ కలిసినది అడిగి కొను.

పొయ్యి మాట వచ్చింది కాబట్టి, ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో అది చెప్తాను. నింపాదిగా చదువు.

1986 నవంబరు. అప్పుడు ఆర్మీలో ఉన్నాను, ఉత్తర సిక్కింలో నాది డీఆర్, అంటే డిస్పాచ్ రైడర్ డ్యూటీ. బుల్లెట్టు మీద టపా సంచి వేసుకొని పోస్టు నుంచి పోస్టుకి తిరగడం. నాకు ఇరవై నాలుగేళ్ళు. నాతో బరంపురం దగ్గర ఊరి కుర్రాడు ఉండేవాడు, ఇంట్లో తెలుగే, నన్ను బావా అనేవాడు. లాచెన్ దాటి పైకి వెళ్తుంటే సాయంత్రం మంచు పట్టుకుంది. చక్రాలు నిలవట్లేదు. బళ్ళు పక్కకి తీసి ఒక రాతి గోడ చాటున కాన్వాసు టెంటు వేశాం. సీసాలో నీళ్ళు గడ్డ కట్టాయి. రోడ్డు పనివాళ్ళ దగ్గర బొగ్గులు, ఒక అంగీఠీ దొరికాయి. మన కుంపటి లాంటిదే. నేను తెలివిగానే ఉన్నాననుకున్నాను. బయటే రాజేశాను, పొగంతా పోయే దాకా ఆగాను, నిప్పులు కణకణలాడాక లోపలికి తెచ్చాను. పొగ లేదు కదా, ఇంక భయమేటి అనుకున్నాను. తలుపు తాళ్ళు కట్టింది కూడా నేనే. రెండు ముడులు వేస్తే కింది నుంచి గాలి కొడుతోందని మూడో ముడి కూడా వేసి, అంచుల మీద మంచు తోసి పూడ్చాను.

రొట్టెలు తిని పడుకున్నాం. కాసేపటికి అతను, "బావా, తల పగిలిపోతంది" అన్నాడు. నాకూ కణతలు లాగుతున్నాయి. ఎత్తు దెబ్బ అనుకున్నాం, అంటే పైన గాలి పల్చబడి వచ్చే జబ్బు. ఆ కొండల్లో ఎవడికి తలనొప్పి వచ్చినా అందరూ అనే మాట అదే. చెరో మాత్ర మింగాం. అతనికి వికారం పెట్టింది, వణుకుతున్నాడు. పాపం చలికి తాళలేకపోతున్నాడని ఇంకో నాలుగు బొగ్గులు వేశాను.

నా చేత్తో వేశాను, అమ్మీ.

ఎంతసేపయిందో తెలీదు. ఒంటేలుకి వెళ్దామని లేవబోతే కాళ్ళు నావి కానట్టున్నాయి. మొదటి ముడి విప్పాను, రెండోది విప్పాను. మూడోది ఎంతకీ రాదు. వేళ్ళు కనిపిస్తున్నాయి, చెప్పిన పని చెయ్యవు. పళ్ళతో లాగాను. ఎలా వచ్చిందో వచ్చింది, తల బయటికి పెట్టి మంచులో బోర్లా పడ్డాను. ఆ గాలికే బతికాను. కాస్త తెలివొచ్చాక లోపలికి చెయ్యి పెట్టి అతని కాళ్ళు పట్టుకొని ఈడ్చాను. మొహం మన్నులా ఉంది. ఊపిరి ఉంది.

నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడు, పొగ కనపడకపోయినా ఆ విషవాయువు వస్తూనే ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా నెత్తురుకి అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్ళలో నీరసం, అచ్చం ఎత్తు దెబ్బ లాగే ఉంటుంది. అందుకే మోసపోయాం.

అతను బతికాడు. ఆసుపత్రి నుంచి నడిచే వచ్చాడు. మూడు వారాలయ్యాక మతిమరుపు మొదలైంది. బూటు ఒకటి వేసుకొని రెండోది ఎక్కడని అడిగేవాడు, అది చేతిలోనే ఉండేది. ఇంటికి పంపేశారు. 1994లో సెలవు మీద వచ్చినప్పుడు చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళావిడ టీ ఇచ్చింది. గ్లాసు పక్కన పెట్టుకొని, టీ ఇంకా తేలేదేమని రెండుసార్లు కేకేశాడు. నన్ను బావా అనే పిలిచాడు గానీ నేనెవరో అతనికి తెలీదు. ఆవిడ నాకు దణ్ణం పెట్టింది, మా ఆయన ప్రాణం నిలబెట్టావు అన్నయ్యా అని. మూడో ముడి వేసింది నేనేనని ఆవిడకి చెప్పలేకపోయాను. మీ అత్తకి తప్ప ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

నువ్వూ, నీతో వచ్చే స్నేహితురాలూ ఒకే టెంటులో పడుకుంటారు. ఏదో ఒక రాత్రి కాగ్బేనిలోనో ఝార్కోట్‌లోనో చలి కొరికేస్తుంటే, ఒక్క ఐదు నిమిషాలు పొయ్యి లోపల వెలిగిద్దామని ఇద్దరిలో ఎవరో ఒకరు అంటారు. అనకుండా ఉండరు. వెలిగించకు. టెంటు ముందు వరండాలోనూ వద్దు. వాన వచ్చినా, గాలి వచ్చినా బయటే. అంత చలిగా ఉంటే నీళ్ళు బయట కాచి సీసాలో పోసి మూత గట్టిగా బిగించి కాళ్ళ దగ్గర పెట్టుకో, తెల్లారే దాకా వేడి ఉంటుంది. నిప్పు లేకపోయినా సరే, పైన జిప్పు బెత్తెడు తెరిచి ఉంచు. మీ ఊపిరి తడే లోపల మంచయి పక్క తడిపేస్తుంది. లాడ్జీ గదిలో బొగ్గులు పెట్టినా తీసుకెళ్ళమని చెప్పు, మొహమాటపడకు.

నిప్పు జోలికే పోకుండా తలనొప్పి వచ్చిందంటే అది ఎత్తు దెబ్బ. దాన్నీ దాచకు. దారిలో తాతోపానీ అనే ఊరి దాకా కిందే, పన్నెండు వందల మీటర్లు. జోమ్‌సోమ్ 2,700. అక్కడ రెండు రాత్రులు పడుకొని పైకి వెళ్ళు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి ఐదు వందల మీటర్ల కన్నా పెంచకూడదు. ముక్తినాథ్‌ని పగలు చూసుకొని, రాత్రికి కిందికి దిగిపోయినా దేవుడేమీ అనుకోడు. తల తిరిగినా, తడబడినా ఆ క్షణమే దిగు. ఆ అమ్మాయి "నాకేం లేదు" అన్నా సరే, తిన్నగా గీత మీద నడిపించి చూడు. కాళీగండకి లోయలో పొద్దెక్కాక ఈదురుగాలి లేస్తుంది, బండిని పక్కకి నెట్టేస్తుంది. తెల్లారి బయల్దేరి పది, పదకొండుకల్లా ఆగిపోండి.

నదిలో సాలగ్రామాలు దొరుకుతాయని మీ అమ్మ ఒకటి తెమ్మంటుంది. బరువు మొయ్యొద్దు. ముక్తినాథ్ గుడి దగ్గర నూట ఎనిమిది ధారల కింద తల పెట్టమని కూడా అంటుంది. ఆ నీళ్ళు మంచు నీళ్ళు, చేత్తో పట్టుకొని నెత్తిన చల్లుకుంటే చాలు.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. సిక్కిం సంగతి నేనే వెళ్ళి చెప్తాను, వెళ్ళే దారిలోనే చెప్పాల్సింది ఎలాగో ఆలోచించుకుంటాను.

వచ్చే ఆదివారం రా. ఆ స్నేహితురాల్ని కూడా తీసుకురా. బళ్ళ మీద నేపాల్‌కి వేసుకునే సామానంతా వేసుకొనే రండి, విశాఖ నుంచి ఇక్కడికి వచ్చేసరికి ఏది వదులైందో తెలుస్తుంది. రాత్రికి తోటలో టెంటు వేసుకొని అందులోనే పడుకోండి, ఇంట్లో పడకల్లేవు. నేను నులక మంచం తెచ్చి కొత్తగా వేసిన కొబ్బరి మొక్కల దగ్గర వేసుకుంటాను. మధ్యలో లేచి వచ్చి జిప్పు చూస్తాను.

మీ మావయ్య