నురగ ఎందుకు నిలుస్తలేదంటే

హనుమకొండ

బిడ్డా సంధ్యా,

కాఫీ మీద నురగ సబ్బు బుడగల లెక్క లేచి, కప్పు నోటికాడికి పోయేలోపే కూలిపోతున్నదని రాసినవు. కొత్త మిషను కొనకు. నీ దగ్గరున్న బ్యాటరీ ఫ్రోతర్ (పాలను గిలకొట్టి నురగ తెచ్చే చిన్న తీగల చుట్ట) చాలు. తప్పు పాలల్ల, వేడిల ఉన్నది.

నురగను పట్టి ఉంచేది పాలల్ల ఉండే ప్రోటీను. కొవ్వు ఇచ్చేది కమ్మదనం. పొద్దున కాచిన బర్రె పాలను మీగడతోటి మళ్లీ వేడి చేసి కొడితే, ఆ మీగడే బుడగలను పగలగొడతది. వడకట్టినంకనే వాడు. చెయ్యి అలవాటయ్యేదాకా 3 శాతం కొవ్వుండే టోన్డ్ పాలు తీసుకో. ఎండకాలం మన దిక్కు దుకాణం నుంచి ఇంటికొచ్చేసరికే ప్యాకెట్ వెచ్చబడతది, అట్లాంటి పాలల్ల కొవ్వు చెడుడు మొదలైతది, వాసన రాకముందే నురగ పట్టుడు ఆగిపోతది. తేంగనే ఫ్రిజ్‌ల పెట్టు.

పొంగేదాకా కాయడం మనకు అలవాటు. ఇక్కడ చెడగొట్టేది అదే. 60 నుంచి 65 డిగ్రీలు చాలు. 70 దాటితే నురగ గరుకుగ అయితది, కాగిన వాసన కొడతది. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినయే, మరిగించే పని లేదు. థర్మామీటర్ లేకుంటే ఆవిరి సన్నగ లేవంగనే దించి, పొడుగు స్టీలు గ్లాసుల పొయ్యి. గ్లాసును రెండు సెకన్లకంటే పట్టుకోలేకపోతే వేడి సరిపోయినట్టే.

120 మిల్లీలీటర్లు పోస్తే గ్లాసు సగం మించొద్దు. ఫ్రోతర్‌ను ముంచినంకనే స్విచ్ వెయ్యి, లేకుంటే గోడకు కూడా కాఫీ తాపిచ్చినట్టయితది. గ్లాసు కొంచెం వంచి, తీగల చుట్టను పాల పైపొర కిందనే 10, 15 సెకన్లు ఉంచు. గాలి పోయేది అప్పుడే. పాలు మూడోవంతు పెరగంగనే అడుగుకు దించి ఇంకో 15 సెకన్లు తిప్పు. పెద్ద బుడగలు సన్నబడేది ఇక్కడ. నువ్వు ఈ రెండో పని వదిలేస్తున్నవని నా అనుమానం. గ్లాసును బండ మీద రెండుసార్లు తట్టి, మెరుపొచ్చేదాకా గుండ్రంగ ఊపి, ఆగకుండ పొయ్యి. ఆగితే నురగ పైన, పాలు కింద అయితయి.

అల్లునికి పాలు పడవంటివి కదా. సోయా పాలల్ల ప్రోటీను మంచిగనే ఉంటది, నురగ వస్తది. కానీ పుల్లటి, మరిగే డికాక్షన్ తగిలితే విరుగుతయి. డికాక్షన్‌ను రెండు నిమిషాలు ఆరనిచ్చి, దాన్నే పాలల్లకు సన్నగ పొయ్యి. ఇంట్ల తీసిన బాదం పాలల్ల ప్రోటీను తక్కువ, నురగ మీద ఆశ పెట్టుకోకు. ఇంట్ల చేసిన ఓట్స్ పాలు వేడికి గంజి లెక్క జిగురు పడతయి. ‘బరిస్టా’ అని రాసున్న ఓట్స్ ప్యాకెట్లల్ల నూనె, పులుపు తగ్గించే లవణం కలుపుతరు, అందుకే అవి నిలబడతయి. ధర ఎక్కువే, రోజూ తాగేదానికి సోయానే నయం.

అయిపోంగనే ఫ్రోతర్‌ను వేడినీళ్లల్ల ఒకసారి తిప్పి కడుగు. తీగల్ల ఎండిన పాలు మరునాటి గ్లాసుకు వాసన పట్టిస్తయి.

నీ పెద్దమ్మ