సమాధానం: 200డీ మంచిదా, 230ఈ మంచిదా?

స్టుట్‌గార్ట్‌లో 1983 నాటి మెర్సిడెస్ డబ్ల్యూ123 మోడల్ కార్లు రెండు చూశానన్నారు, డీజిల్‌తో నడిచే 200డీ, పెట్రోల్‌తో నడిచే 230ఈ, ఏది తక్కువ ఇంధనం తాగుతుందని కదా మీ సందేహం. కాగితం మీద డీజిలే గెలుస్తుంది. కానీ దానికున్నది 60 గుర్రాల శక్తి (హార్స్‌పవర్), బండి చూస్తే దాదాపు టన్నున్నర. ఊళ్ళో నెమ్మదిగా తిప్పితే 100 కిలోమీటర్లకు 8, 9 లీటర్లతో సరిపెట్టుకుంటుంది, ఆటోబాన్ (జర్మనీ హైవే) మీద గంటకు 120 కిలోమీటర్ల వేగం పట్టాలంటే మాత్రం పెడల్ దాదాపు నేలకి ఆనించి ఉంచాల్సిందే, అప్పుడు ఆ పొదుపు ఏమీ మిగలదు. 136 గుర్రాల 230ఈ అదే వేగంలో హాయిగా వెళ్తుంది, 10, 11 లీటర్లు తాగుతుంది.

అంటే తేడా ఓ రెండు లీటర్లు. మీరు ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిప్పినా 160 లీటర్లే, దానికోసం అంత టెన్షన్ అక్కర్లేదు. బండికి 30 ఏళ్ళు దాటాయి కాబట్టి హెచ్ నంబర్ (జర్మనీలో పాతకాలపు బళ్ళకిచ్చే నంబర్ ప్లేటు) వస్తే పన్ను రెండింటికీ ఒకటే, ఏడాదికి 191.73 యూరోలు. నేనైతే తుప్పు తక్కువున్న బండే తీసుకుంటా, ఇంజన్ సంగతి తర్వాత.

ఇంకొకటి, అమ్మేవాళ్ళు చెప్పే మైలేజీ నమ్మకండి. నా 240డీ ఒకప్పుడు 12 లీటర్లు తాగేది, ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు) మార్చమన్నారు. ఓ రోజు బండి దిగి వెనక చక్రం మీద చెయ్యి పెడితే కాలింది! బ్రేక్ పట్టేసి ఉంది, అంతే. ట్యాంకు నిండుగా కొట్టించి, 300 కిలోమీటర్లు తిప్పి, మళ్ళీ నింపి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి.