‘నరం’ అని రాయొద్దు

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

పుర్రె అడుగున ఉండే సిరల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను నాయనా. మొదటి పేజీలోనే ఎర్ర పెన్ను తీయాల్సి వచ్చింది. ‘మెదడు నుంచి రక్తాన్ని కిందికి దించే నరాలు’ అన్నావు. సెలైన్ ఎక్కించేటప్పుడు ‘నరం దొరకలేదు’ అనడం మన ఊళ్లో మామూలే, నేనూ అంటాను. కానీ చెవి వెనక వంపులు తిరుగుతూ వచ్చే సిగ్మాయిడ్ సైనస్, జుగులర్ ఫొరామెన్ అనే రంధ్రంలోంచి దిగి మెడలో జుగులర్ సిర అవుతుంది. 9, 10, 11వ కపాల నాడులు బయటికొచ్చేదీ ఆ రంధ్రంలోంచే. సిర, నాడి రెండింటినీ నరమే అంటే, ఆ నాడులు దెబ్బతిని మింగలేకపోతున్న రోగి గురించి నువ్వు రాసిన పేరా ఎవరికి అర్థమవుతుంది?

‘సైనస్’ కూడా అంతే. ఆ మాట వినగానే మనవాళ్ల చెయ్యి ముక్కు మీదికి పోతుంది. ఇది మెదడును కప్పే గట్టి పొర మడతల్లో రక్తం పారే దారి అని మొదట్లోనే చెప్పెయ్.

కేసీ కాలువ పోలిక ముచ్చటేసింది, అయినా కొట్టేశాను. సుంకేసుల నీళ్లు కడప వైపే పోతాయి, వెనక్కి రావు. పుర్రె అడుగు సిరల్లో కవాటాలు ఉండవు. ఒత్తిడి ఎటు తక్కువైతే రక్తం అటు పోతుంది. పడుకుంటే ఎక్కువ భాగం జుగులర్ సిరలే మోస్తాయి. లేచి నిలబడితే అవి ముడుచుకుంటాయి, వెన్నెముక చుట్టూ ఉన్న సిరల అల్లిక ఆ పని అందుకుంటుంది. మనం స్కాన్ తీసేదేమో పడుకోబెట్టి! ఈ సంగతి నీ వ్యాసంలో లేదు.

ఏళ్ల కిందట నేనూ ఓ పత్రికలో, ఎడమవైపు సిర సన్నగా ఉంటే గడ్డకట్టినట్టే అనే అర్థం వచ్చేలా రాశాను. నంద్యాల నుంచి ఒకాయన ఎంఆర్ వీనోగ్రామ్, అంటే సిరలు చూపించే ఎంఆర్ఐ స్కాన్, ఫిల్ములు క్యారీబ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మూడు రాత్రులు నిద్ర లేదట. కిటికీ వెలుతురుకి పట్టి చూశాను. తల వెనక అడ్డంగా పోయే ట్రాన్స్‌వర్స్ సైనస్ కుడివైపుది దళసరిగా ఉంది, ఎడమది దారప్పోగంత. రిపోర్టులో ‘హైపోప్లాస్టిక్’ అనే ఉంది, అంటే పుట్టుకతోనే సన్నం. చాలామందిలో కుడిదే పెద్దది. పైగా కాంట్రాస్ట్, అంటే రక్తం స్పష్టంగా కనబడేందుకు సిరలోకి ఎక్కించే మందు, ఇవ్వకుండా తీసిన వీనోగ్రామ్‌లో, రక్తం నెమ్మదిగా పారే చోట ఖాళీ కనబడి గడ్డేమో అనిపిస్తుంది. అందుకే మిగతా ఎంఆర్ఐ బొమ్మలతో, అవసరమైతే కాంట్రాస్ట్ ఇచ్చి, సరిచూసుకోవాలి. అదంతా తెలిసీ రాసిన వాక్యం నాది.

నువ్వు ‘ప్రమాదకరం’ అని ఏడుసార్లు రాశావు. నిజంగా గడ్డకట్టిన కేసు దగ్గర ఒకటి ఉంచి, మిగతావి తీసేసి పంపు. ఆదివారం వస్తే ఆ కేసు ఫిల్ములు కూడా తెచ్చుకో. మా వసారాలో పదింటిదాకా వెలుతురు బాగుంటుంది.