సోలార్ ఇంత చవకయ్యాక కూడా పేద దేశాలు బొగ్గు, డీజిల్ ఎందుకు వదల్లేకపోతున్నాయి?

సోలార్, విండ్ ప్రాజెక్టులకు లెక్కలు కట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: అసలు అడ్డంకి వడ్డీ.

డీజిల్ ప్లాంటుకి ఖర్చులో పెద్ద వాటా ఇంధనానిదే. కరెంటు అమ్ముకుంటూ ఆ డబ్బుతోనే కొనుక్కోవచ్చు. సోలార్‌కి అలా కుదరదు, ఇరవై పాతికేళ్ల ఖర్చు దాదాపు మొత్తం ముందే పెట్టాలి. అంటే అప్పు తేవాలి. 100 డాలర్ల అప్పును 20 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలంటే, 5 శాతం వడ్డీకి ఏడాదికి 8 డాలర్లు కడితే చాలు. 12 శాతమైతే 13 దాటుతుంది. అవే ప్యానెళ్లు, అదే ఎండ. ధనిక దేశానికి గిట్టుబాటయ్యే ప్రాజెక్టు పేద దేశానికి కాకుండా పోయేది ఇక్కడే. నేను పనిచేసినవాటిలో ఇంజినీర్లు సరే అన్నాక బ్యాంకు రేటు చూసి ఆగిపోయినవే ఎక్కువ. పైగా అప్పు డాలర్లలో, వచ్చే ఆదాయం సొంత కరెన్సీలో. ఆ కరెన్సీ పడిపోయిందంటే వాయిదా దానంతటదే పెరుగుతుంది.

అలాగని చేతులెత్తేయక్కర్లేదు. ఉరుగ్వే నాకు ఎప్పుడూ ధైర్యమిచ్చే ఉదాహరణ. కరువొస్తే జలవిద్యుత్ తగ్గి, చమురు దిగుమతులతో నలిగిన దేశమది. అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ వేలం పెట్టి, గాలి కరెంటు కొంటామని దీర్ఘకాలిక ఒప్పందాలు రాసిచ్చింది. 2010లో పార్టీలన్నీ ఆ విధానానికి ఒప్పుకున్నాయి. ప్రభుత్వం మారినా ఒప్పందం నిలుస్తుందని నమ్మకం కుదిరితే అప్పిచ్చేవాడి భయం సగం పోతుంది. పదేళ్లు తిరిగేసరికి అక్కడి కరెంటులో 90 శాతానికి పైగా పునరుత్పాదక వనరులదే.

డబ్బు దొరికినా లైను లేకపోతే లాభం లేదు. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర 310 మెగావాట్ల విండ్ ప్రాజెక్టు 2017లో సిద్ధమైంది. దాని ట్రాన్స్‌మిషన్ లైను 2018లో గానీ రాలేదు. ఆ ఆలస్యానికి ప్రభుత్వం ప్రాజెక్టు కంపెనీకి పరిహారం కూడా కట్టుకోవాల్సి వచ్చింది.

దక్షిణాఫ్రికాకు బొగ్గు వదిలేందుకు సాయంగా 2021లో ధనిక దేశాలు 850 కోట్ల డాలర్లు ప్రకటించాయి. అందులో ఎక్కువ భాగం అప్పులే. ఇప్పటికే అప్పుల్లో ఉన్న దేశానికి ఇది సాయమని నేననుకోను. అందుకే మీరు ఇలాంటి ప్రకటన చదివినప్పుడు మొత్తం ఎంతో కాదు, తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు ఎంత, అప్పు ఏ కరెన్సీలో, లైనుకి టెండరు పిలిచారా అన్నవి ముందు వెతకండి.