‘పింగాణీ గిన్నె’ పునరుక్తా?

సందేహం: జపాన్‌వారు సాకే (బియ్యంతో చేసే మద్యం) పోసుకునే, బొమ్మలు వేసిన పింగాణీ పాత్రల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ‘పింగాణి’ అంటేనే గిన్నె అని ఒకరన్నారు. అలాగైతే ‘పింగాణీ గిన్నె’ పునరుక్తి కాదా? సాకే వడ్డించే ‘తొక్కురి’ని సీసా అనవచ్చా?
– పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీకు చెప్పినవారు సగమే చెప్పారు. పారసీలో ‘పింగాన్’ అంటే గిన్నె, కప్పు. అరబ్బీలో పకారం లేదు కనుక అక్కడ ‘ఫింజాన్’ అయింది. తుర్కీవారి కాఫీ కప్పు పేరూ అదే. ఇరాన్ రైతులు కాలువ నీటిని వంతులు వేసుకోవడానికి అడుగున సన్న చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలేవారు. అది ఎన్నిసార్లు మునిగితే అన్ని వంతులు. మన గడియకుడుక వంటిదే. దాన్నీ పింగాన్ అనే అన్నారు, రాగిదైనా సరే! తమిళుల ‘పీంగాన్’, మన ‘పింగాణి’ ఆ మాట బిడ్డలే. మనదాకా వచ్చేసరికి పాత్ర అర్థం పోయి, సరుకు పేరుగా నిలిచింది. కాబట్టి పునరుక్తి కాదు. పుట్టుకనే పట్టుకు వేలాడితే ‘పింగాణీ పళ్లెం’ అనడానికీ వీలుండదు.

అలాగని కనబడిన ప్రతిదాన్నీ పింగాణి అనకండి. అరిత, కుతాని అనే జపాన్ రకాల బొమ్మల పాత్రలకు ఆ మాట చెల్లుతుంది. బిజెన్ రకం తొక్కురికి మెరుగుపూతే ఉండదు, అది కాల్చిన మట్టిది. అన్నిటినీ కలిపి ‘సిరామిక్ బాటిల్’ అని రాసే పత్రికలవారికి ఏం చెప్పగలం?

‘సీసా’ పారసీ ‘షీషా’, అంటే గాజు. ప్లాస్టిక్ సీసా అంటూనే ఉన్నాం గనుక తప్పనలేను. అయితే తొక్కురిది గుండ్రటి పొట్ట, సన్న మెడ, విచ్చుకున్న మూతి. పట్టేది ఒక ‘గో’, అంటే 180 మిల్లీలీటర్లు. పెద్దదైతే రెండు గోలు. నేనైతే ‘చిట్టి కూజా’ అంటాను.

‘సాకే కాచారు’ అని మాత్రం రాయకండి. తొక్కురిని పొయ్యి మీద పెట్టరు. మరిగించి దింపిన నీళ్లలో మెడ దగ్గరిదాకా ముంచి, రెండు మూడు నిమిషాలు ఉంచుతారు. 45 డిగ్రీలైతే వెచ్చన, 50 అయితే వేడి. కాబట్టి ‘వెచ్చచేశారు’ అనండి.

ఓచోకో తాగే చిన్న గిన్నె, సకాజుకి చదునైనది. చోషి అసలు పొడుగు పిడి ఉన్న లోహపాత్ర, పెళ్లిళ్లలో వాడేది. ఇప్పుడు జపాన్‌వారే తొక్కురిని ‘ఓచోషి’ అంటున్నారు. మీరు సీసా అన్నారని మీ ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు.